ఇంటివాళ్ల కారు చివర్న

"అక్కా, ఆదివారం తోట తెరుస్తున్నాం, రా. ఈసారి కేకు మాత్రం తేవద్దు" అంది మా చెల్లెలు నెస్టా ఫోన్లో.

ఇంగ్లండులో మా హెర్‌ఫర్డ్ పల్లెల్లో ఆ మాట ఎవరూ అనరు. ఏడాదికోసారి ఎవరైనా తమ సొంత తోటని జనం చూడ్డానికి తెరిచారంటే చుట్టాలూ ఇరుగుపొరుగూ తలా ఒక కేకు చేసుకెళ్లాల్సిందే. అవన్నీ టీ బల్ల మీద ముక్కలై అమ్ముడుపోతాయి, వచ్చిన డబ్బు చర్చి పైకప్పు బాగుచేయడానికి పోతుంది. కేకు తేవద్దనడమంటే, పెళ్లికి రా గానీ భోజనానికి కూర్చోకు అన్నట్టే. ఎందుకే అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. నెస్టా ఫోన్ మాట్లాడుతోందంటే మొగుడు క్లెమెంట్ పక్కనే ఉంటాడు.

"సరేలే. అయితే కారు ఖాళీగానే తెస్తాను" అన్నాను.

"అవును. ఖాళీగానే తీసుకురా" అంది.

ఫోన్ పెట్టేసి, వెళ్లి కారు డిక్కీ ఖాళీ చేశాను. సామాను పెట్టుకోడానికి కారులో చోటుంచు, నేను వచ్చేస్తున్నాను అని చెప్పింది నా చెల్లెలు. దాని పెళ్లయిన నాటినుంచీ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను నేను.

క్లెమెంట్ గురించి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది, అయినా ఉన్నదున్నట్టే చెబుతాను. అతను కొట్టడు, తిట్టడు, తాగడు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కొత్తలో నెస్టా లైబ్రరీలో పనిచేసేది. "అంత దూరం తిరిగి ఎందుకు నీరసపడతావు బంగారం" అన్నాడు, మానేసింది. "ఇద్దరికీ రెండు కార్లు దేనికి?" అన్నాడు, దాని కారు పోయింది. స్నేహితురాళ్లు వస్తే ఎదురుగా కూర్చుని వాళ్లు అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెప్పేవాడు. కొన్నాళ్లకి వాళ్లూ రావడం మానేశారు. అంతా చాప కింద నీరులా జరిగిపోయింది. చిన్నప్పుడు గోడలెక్కి పక్కింటి ఆపిల్ పళ్లు దొంగిలించిన పిల్ల, కుక్కిన పేనులా తయారైంది.

పోయిన చలికాలం ఒకసారి చేతిసంచీ పట్టుకుని నడిచి వచ్చేయబోయింది. అతను ఆపలేదు. కారు తీసి, దాని నడకకి సరిపడా నెమ్మదిగా పక్కనే నడుపుతూ, అద్దం దించి ప్రేమగా మాట్లాడుతూ వచ్చాడు. చలేస్తుంది బంగారం. కాళ్లు తడిసిపోతున్నాయి బంగారం. బస్సు ఆగేచోటు ఇంకా కనబడకముందే నెస్టా అలిసిపోయి కారెక్కేసింది. ఈ సంగతి నాకు చెప్పింది వాళ్ల పొరుగింటి పార్జెటర్ గారు. అప్పుడు ఆవిడ కుక్కని తిప్పుకుంటూ అదే దారిన ఎదురొచ్చి, ఇద్దరికీ చెయ్యూపి వెళ్లిందట.

"ఏదో మొగుడూపెళ్లాల గొడవ అనుకున్నానమ్మా. మనం కలగజేసుకుంటే బాగుండదు కదా" అంది నాతో.

మావాళ్లకి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం అదే. బాగుండదు. ఇల్లు తగలబడుతున్నా పొరుగువాడి తలుపు గట్టిగా కొడితే బాగుండదేమోనని ఆలోచించే రకాలు. నేనూ ఆ తానులో ముక్కనే.

అందుకే తోట తెరిచే రోజుని ఎంచుకుంది నెస్టా. క్లెమెంట్‌కి ఉన్న ఒక్క బలహీనత, నలుగురిలో మంచి పేరు. జనం చూస్తుండగా అతను దాన్ని ఆపలేడు. జనం వెళ్లిపోయాక మాత్రం కూర్చోబెట్టి మెత్తగా మొదలుపెడతాడు, తెల్లారేసరికి అది సర్దుకున్న బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేస్తుంది. ఇంతకుముందు అయింది కూడా. కాబట్టి జనం ఉండగానే బయటపడాలి. నా బుర్రలో ఉన్నదంతా ఆ ఒక్క ముక్కే.

జనం కంటే ముందే వెళ్లాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

తోట పక్కన చిన్న గడ్డి మడి ఉంది, కార్లు నిలపడానికి. దానికి ఒకటే గేటు. క్లెమెంట్ పచ్చటి మెరుపు జాకెట్టు వేసుకుని గేటు దగ్గర నిలబడి కార్లకి చోటు చూపిస్తున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏవ్రిల్! ఎన్నాళ్లకి! నువ్వు చివరికి పోనియ్, ఆ కంచె దగ్గరికి. ఇంటివాళ్లు ఎలాగూ అందరూ వెళ్లాకే కదా వెళ్లేది."

అది మా ఆచారమే. ఇంటివాళ్ల కారు చివర్న పెట్టుకుని, వచ్చినవాళ్లకి గేటు దగ్గర చోటు వదలాలి. కాదనడానికి నాకు నోరు రాలేదు. బడిపిల్లల బస్సు నడిపేదాన్ని, కారు ఎక్కడ పెడితే ఎక్కడ ఇరుక్కుంటుందో నిద్రలో అడిగినా చెబుతాను. అయినా, తిన్నగా వెళ్లి కంచెకి ఆనించి పెట్టాను. దిగి తలుపు వేసేలోపు నా ముందు ఒక కారు వచ్చి ఆగింది. టీ బల్ల దగ్గరికి చేరి వెనక్కి చూసేసరికి మడి సగం నిండింది. మధ్యలో దారన్నది లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది నాకు.

నెస్టా ఆపిల్ చెట్ల కింద బల్ల వెనకాల టీ పోస్తోంది. నీలం గౌను వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుంది. చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వి, బల్ల మీద వేసిన గుడ్డ కొస ఎత్తి చూపించింది. కింద ఒక సంచీ ఉంది.

"పద" అన్నాను మెల్లగా.

"క్యూ ఉంది కదక్కా."

నిజమే, క్యూ ఉంది. టోపీలు పెట్టుకున్న ముసలివాళ్లు, మెడపట్టీ కట్టిన కుక్కలు, ఒక పాప. ఒకరి వెనక ఒకరు ఓపిగ్గా నిలబడి ఉన్నారు.

"ఉంటే ఉండనీ. వాళ్లే పోసుకుంటారు."

"క్యూలో మనుషులుండగా ఎలా వదిలేసి వస్తాను? ఈ నలుగురికీ ఇచ్చేసి వస్తా."

కట్టుకున్న మొగుణ్ణి వదిలెయ్యడానికి సిద్ధపడ్డ మనిషి, టీ కోసం నిలబడ్డ నలుగుర్ని వదల్లేకపోయింది. తిట్టాలనిపించింది. తిట్టలేదు సరికదా, బల్ల వెనక్కి వెళ్లి కప్పులు కడగడం మొదలుపెట్టాను. తొందరగా తెమలాలని. ఆ నలుగురూ వెళ్లారు. ఇంకో అయిదుగురు వచ్చారు. మేం ఇద్దరం చకచకా ఇస్తున్నామని చూసి, దూరంగా బెంచీల మీద కూర్చున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. టీ అందుకున్న ప్రతి ఒక్కరూ చుట్టూ చూసి ఒకటే మాట.

"ఎంత బాగుందండీ! మీరెంత అదృష్టవంతులు!"

"అవునండీ" అంటోంది నెస్టా, పాలు పోస్తూ. "అవునండీ. అవునండీ."

బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆపిల్ చెట్ల మీదికి గులాబీ తీగలు ఎగబాకి ఉన్నాయి. ఇటుక దారి పగుళ్లలో ఎవరూ నాటని పూలు. ఇంటి వెనక నుంచి వాగు దాకా పూలబీడు, నడుములోతు. తెల్ల డైసీలు, ఊదా పూలు, పసుపు పూలు కలగలిసిపోయి, గాలి వస్తే అన్నీ ఒక్కసారి వంగుతున్నాయి. వాటంతటవే మొలిచాయనుకుంటారు చూసినవాళ్లు. ఆ 'వాటంతటవే' వెనక నెస్టా మోకాళ్లు అరిగిపోయాయి. అక్కర్లేని మొక్కని ఏరేదీ అదే, గింజలు చల్లేదీ అదే. మెప్పు మాత్రం క్లెమెంట్‌ది.

క్యూ కాస్త పలచబడింది. ఇదే సమయం అనుకుని చేతులు తుడుచుకుంటున్నాను. మోచెయ్యి మీద మెత్తగా ఒక చెయ్యి పడింది.

"ఏవ్రిల్, నువ్వెప్పుడూ బీడు సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు అందర్నీ తీసుకెళ్తున్నా, నువ్వూ రా" అన్నాడు క్లెమెంట్.

"కప్పులున్నాయి" అన్నాను.

"కప్పులెక్కడికి పోతాయి?" అని నవ్వాడు. పక్కన పదిమంది నిలబడి నాకేసి చూసి వాళ్లూ నవ్వారు. చచ్చినట్టు వెళ్లాను.

బీడు మధ్యలో సన్నటి దారి కోసి ఉంచారు, మనిషి వెనక మనిషి నడిచేటంత. దానికి అటూ ఇటూ అడుగు పెట్టకూడదు. ముందు క్లెమెంట్, నా వెనక ఓ లావుపాటి పెద్దమనిషి, ఆయన వెనక మిగతావాళ్లు. తప్పుకోడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. ఇంటి వైపు చూస్తే పూల పైన నెస్టా తల ఒక్కటే కనబడుతోంది, వంగి లేస్తూ.

క్లెమెంట్ ఒక మొక్క దగ్గర ఆగాడు. చిన్న పసుపు పూలు, ఉబ్బిన కాయలు.

"మొత్తం ఈ బీడుకి ప్రాణం ఇదండీ. కాయ ఎండితే లోపల గింజలు గలగలమంటాయి. గడ్డి బలిసిపోతే పూలకి చోటుండదు. అందుకని ఇది మట్టి కింద గడ్డి వేళ్లని పట్టుకుని కొంచెం కొంచెంగా పీలుస్తుంది. గడ్డి చావదు సుమండీ, నీరసపడుతుంది, అంతే. చచ్చిపోతే దీనికీ తిండుండదు కదా!"

అందరూ నవ్వారు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో ఎంత ముద్దు! ఇంతమందిలో ఆ గొంతు ఎవరికీ తేడాగా వినబడలేదు. నెస్టా చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? ఏమని చెబుతుంది? చలేస్తుంది కారెక్కమన్నాడని చెబుతుందా?

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు దగ్గరి కార్లు కొన్ని కదిలాయి, గండం గడిచిందనుకున్నాను. ఎక్కడ? ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ ఖాళీల్లో దూరారు. నా కారు ముందున్నవి కదలనే లేదు. అవి కదలాలంటే జనం వెళ్లిపోవాలి. జనం వెళ్లిపోతే మేం కదలలేం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బల్ల దగ్గర నెస్టా ఒంటరిగా లేదు. నాకంటే ముందు వచ్చేసిన క్లెమెంట్, దాని పక్కన నిలబడి, బల్ల గుడ్డ కొస వేళ్లతో సరిచేస్తున్నాడు. సంచీ చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. నన్ను చూసి తల పంకించాడు.

"నెస్టా బాగా అలిసిపోయింది, ఏవ్రిల్. ఎండ కదా. అందరూ వెళ్లనీ, మనం ముగ్గురం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. నీ కారు ఎలాగూ ఇప్పుడు కదలదుగా?"

అన్నీ తెలిసే నన్ను చివరికి పంపాడో, ఆచారం కొద్దీ పంపాడో నాకు ఇప్పటికీ తెలీదు. నెస్టా మాత్రం తల వంచుకుని చెంచాలు తుడుస్తోంది. ఆ తుడవడం నాకు తెలుసు. లోపల లొంగిపోతున్న మనిషి చేతులవి. ఇంకాసేపు ఆగితే, పోనీలే అక్కా, ఇంకోసారి వస్తాలే అంటుంది. ఆ ఇంకోసారి ఎప్పటికీ రాదు. నాకు ఏడుపొచ్చింది. అంత ఏడుపులోనూ, ఇక్కడ ఏడిస్తే బాగుండదని ముక్కు చీదుకుని మానేశాను. నా బతుకు తగలెయ్య.

సరిగ్గా అప్పుడు పార్జెటర్ గారు క్యూలో ముందుకి వచ్చింది. చంకలో కుక్క, చేతిలో ఖాళీ కప్పు.

"ఇంకొంచెం పోస్తావా నెస్టా? ఏం తోటమ్మా! ఏడాదికేడాది పెరుగుతోంది అందం. ఎంత అదృష్టవంతురాలివి తల్లీ నువ్వు."

నెస్టా కెటిల్ ఎత్తింది. పోయలేదు.

"కాదండీ" అంది.

"ఏమిటమ్మా?"

"అదృష్టవంతురాల్ని కాదండీ." గొంతు పెద్దది చెయ్యలేదు, మామూలుగానే అంది. కానీ క్యూ మొత్తానికి వినబడింది. "నాకు ఇక్కడ ఊపిరాడటం లేదు. మీరు చూశారు కదా, ఆరోజు దారిలో."

ఎవరూ ఎవరి వంకా చూడలేదు. ఒకాయన గులాబీల్ని మరీ దగ్గరగా చూడటం మొదలుపెట్టాడు. ఒకావిడ వంగి, ముడి ఊడని బూటు తాడు ముడేసుకుంది. పార్జెటర్ గారు కుక్క చెవి నిమురుతూ ఉండిపోయింది. నా చెల్లెలు మునిగిపోతూ చెయ్యి చాస్తే, మావాళ్లంతా మర్యాదగా మొహం తిప్పుకున్నారు. వాళ్లని కాదు, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

క్లెమెంట్ దాని భుజం మీద చెయ్యి వేశాడు. "ఎండ దెబ్బండీ, ఏమీ అనుకోకండి. లోపలికి పద బంగారం, కాసేపు పడుకుందువుగాని."

అందరి మొహాల్లోనూ ప్రాణం లేచొచ్చింది. ఎండ దెబ్బ! అంతే కదా! నెస్టా ఆ మొహాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. నేనూ చూశాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

అది కెటిల్ బల్ల మీద పెట్టింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. అప్పుడు, రోజూ అతిథులతో మాట్లాడే గొంతుతోనే అంది.

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. మా అక్క కారు కంచె దగ్గర ఇరుక్కుపోయింది. మేం ఇప్పుడే వెళ్లాలి. ముందున్న కార్లు ఎవరివో, దయచేసి కాస్త తీస్తారా?"

"అయ్యో! అయ్యయ్యో!" అన్నాడు లావుపాటి పెద్దమనిషి, చేతిలో కేకు ముక్క పక్కన పడేసి. "ఆ ఎర్రకారు నాదేనండీ! ముందే చెప్పాల్సింది, మీరు అడగాలా! క్షమించండి, క్షమించండి."

"తెల్లది మాది. ఏమండీ, లేవండి, పాపం వాళ్లని ఆపేశాం!"

"నాదీ అడ్డమేనేమో, చూస్తానుండండి."

మనిషి చిక్కుకుపోయిందంటే ఒక్కరూ కదల్లేదు. కారు చిక్కుకుపోయిందంటే తోటంతా కదిలింది. క్షమాపణలు చెప్పుకుంటూ, జేబులు తడుముకుంటూ, ఒకర్నొకరు తోసుకోకుండా తోసుకుంటూ మడి వైపు పరుగు. నేను సంచీ లాగి చంకన పెట్టుకున్నాను. నెస్టా చెయ్యి పట్టుకుని ఆ గుంపు మధ్యలోంచి నడిపించుకెళ్లాను. దాని చెయ్యి మంచుగడ్డలా ఉంది.

మడిలో పెద్ద గందరగోళం. ఇంతమంది ఒకేసారి వెనక్కి తీస్తే ఎవరు ఎటు పోవాలి? అందరూ అద్దాలు దించి ఒకడికోసమే చూశారు. పచ్చ జాకెట్టు వేసుకున్నవాడి కోసం.

క్లెమెంట్ మా వెనకే వచ్చాడు. "నెస్టా" అన్నాడు. ఇంకేదో అనబోయాడు.

"క్లెమెంట్!" పార్జెటర్ గారు తన చిన్న కారులోంచి కేకేసింది. జీవితంలో ఆవిడ కేకెయ్యడం నేను విన్నది అదొక్కసారే. మెడ దాకా ఎర్రబడిపోయింది. "వెనక నాకేమీ కనబడటం లేదు నాయనా, కాస్త చూసి చెప్పు! ఎవరినైనా గుద్దేస్తాను! ముందు ఇక్కడికి రా!"

అతను ఆవిడ వైపు చూశాడు, నెస్టా వైపు చూశాడు. చుట్టూ కార్లలోంచి మంచి మొహాలు పెట్టుకుని అందరూ అతనికోసం ఎదురుచూస్తున్నారు. రానని అంటే బాగుండదు. వెళ్లాడు. చెయ్యెత్తి ఆవిడని వెనక్కి రమ్మన్నాడు, ఎర్రకారుని పక్కకి తిప్పించాడు, తెల్లకారుని గేటు దాటించాడు. ఎంత మెత్తగా, ఎంత ఓపిగ్గా చెప్పాడో! మేం కారెక్కేదాకా అతనికి తీరిక దొరకలేదు.

మా ముందు దారి తెరుచుకుంది. గేటు పక్కన క్లెమెంట్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని వెనక, దారి పక్కన, తప్పించిన కార్లన్నీ వరసగా ఆగి మాకోసమే చూస్తున్నాయి. నేను అతని పక్కకి వచ్చేసరికి నా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. ఇరవై ఏళ్లుగా బస్సు నడిపిన కాలు, కదలనంది. అతను వంగి నెస్టా వైపు అద్దంలోంచి చూశాడు. అతని వెనకనుంచి ఎవరో మర్యాదగా, చాలా చిన్నగా, హారన్ కొట్టారు.

క్లెమెంట్ నిటారుగా నిలబడ్డాడు. మొహం మీద నవ్వు పెట్టుకున్నాడు. అందరికీ కనబడేలా చెయ్యి ఊపాడు.

"పోనియ్" అన్నాడు. "పోనియ్, ఏవ్రిల్."

నెస్టా సంచీ ఒళ్లో పెట్టుకుని తిన్నగా రోడ్డు వైపే చూస్తోంది.

"చెప్పాడుగా అక్కా" అంది. "పోనియ్."